జిస్ట్ కొత్త మందుల ట్రయల్స్: మన ఓరుగల్లు వైపు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మా బాపు పరకాల దగ్గర మిర్చి రైతు. ఆయన కడుపులో ఉన్నది జిస్ట్ గడ్డ అని తేలిన నాటి నుంచి ఫైలు మోసే పని నాది. నేను డాక్టర్ని కాను, హనుమకొండలో బడి పంతుల్ని. కానీ ఇలాంటి అరుదైన జబ్బు ఒక ఇంట్లో ఉందంటే ఆ ఇంటి ఫోన్ నంబరు చేతులు మారుతూ పోతుంది. భూపాలపల్లి నుంచి, మంచిర్యాల నుంచి, సిరిసిల్ల నుంచి ఫోన్లు వస్తుంటాయి. అందరూ దాదాపు ఇవే అడుగుతారు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఏ గోలీ ఎంత వేసుకోవాలన్నది మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

జిస్ట్ అంటే మామూలు కడుపు క్యాన్సరేనా?

కాదు. మామూలు కడుపు క్యాన్సర్ లోపలి పొరలో పుడుతుంది. జిస్ట్ మాత్రం కడుపు గోడ మధ్యలో, పేగుల కదలికను నడిపించే కాహల్ కణాల జాతి నుంచి పుడుతుంది. సగానికి పైగా జీర్ణాశయంలో, ఆ తర్వాత ఎక్కువగా చిన్నపేగులో వస్తుంది. ఏడాదికి పది లక్షల మందిలో 10 నుంచి 15 మందికి వస్తుందని అంచనా. అందుకే "మా పక్కింటాయనకూ ఇదే" అనేవాళ్లు దొరకరు. మామూలు కీమో, కరెంటు పెట్టడం దీని మీద పెద్దగా పనిచేయవు. ఆపరేషన్, గోలీలు, ఈ రెండే ముఖ్యం.

"ట్రయల్ అంటే మా మీద ప్రయోగం చేసుడే గదా?"

అందరికంటే ముందు మా మేనత్త అడిగిన మాట ఇది. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. 2009లో భద్రాచలం వైపు గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు చాలామందికి తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారని తర్వాత బయటపడింది. 2017లో జమ్మికుంట వైపు కుర్రాళ్లు డబ్బుల కోసం మందుల పరీక్షలకు వెళ్లి ఆరోగ్యం పాడుచేసుకున్నారని పేపర్లలో, టీవీల్లో రోజుల తరబడి నడిచింది. ఆ వార్తలు చదివిన ఇంట్లో "ట్రయల్" అనగానే తలుపు మూసుకుంటుంది.

అయితే ఒక తేడా ఉంది. జమ్మికుంట ముచ్చటలోవి జబ్బు లేని మనుషుల మీద చేసే పరీక్షలు. పాత మందు కొత్త కంపెనీ చేస్తే ఒంట్లో అది అదే తీరుగా కలుస్తుందా అని చూడటానికి డబ్బిచ్చి రక్తం తీస్తారు. జిస్ట్ ట్రయల్‌లో చేరేది జబ్బు ఉన్నవాళ్లే. అదీ మామూలుగా చేతిలో ఉన్న మందు పని మానేసిన దశలో. ఆశ అక్కడ వేరు, ప్రమాదం లెక్కా వేరు.

ఇంకో సంగతి. మీరు ఇవాళ వేసుకుంటున్న ఇమాటినిబ్ కూడా ట్రయల్ నుంచే వచ్చింది. 1998లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ గడ్డలో కిట్ అనే జన్యువు చెడిపోయి ఉంటుందని కనిపెట్టారు. 2000 మార్చిలో ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో, గడ్డలు కాలేయానికి పాకి దారులన్నీ మూసుకుపోయిన ఒకామెకు, అప్పటికి రక్త క్యాన్సర్ కోసం పరీక్షిస్తున్న ఈ గోలీ ఇచ్చారు. గడ్డలు కరిగాయి. ఒక్క మనిషితో మొదలైంది. తర్వాత 147 మందితో ట్రయల్, 2002 ఫిబ్రవరిలో అమెరికాలో అనుమతి. అంతకుముందు జిస్ట్ పాకితే సగం మంది ఏడాది, ఏడాదిన్నర దాటేవారు కాదు. ఆ 147 మందిలో సగం మంది దాదాపు అయిదేళ్లో, అంతకంటే ఎక్కువో బతికారు.

మేనత్తకు ఇదంతా చెప్తే, "ఆమెకు ధైర్యం ఎక్కువ" అంది. అదీ నిజమే.

ఇమాటినిబ్ బాగానే పనిచేస్తోంది. అయినా కొత్త మందు ట్రయల్‌కు పోవాలా?

వద్దు. పనిచేస్తున్న గోలీని వదిలి పోకండి. "రెండేళ్ల నుంచి స్కానింగ్ మంచిగనే ఉంది, ఇక ఆపుదామా" అని అడిగేవాళ్లకూ ఇదే జవాబు. ఫ్రాన్స్‌లో సరిగ్గా ఈ ప్రశ్న మీదే ట్రయల్ చేశారు. జబ్బు పాకి, ఇమాటినిబ్ మీద నిలకడగా ఉన్నవాళ్లలో కొందరికి ఏడాది తర్వాత, కొందరికి మూడేళ్లకు, కొందరికి అయిదేళ్లకు ఆపి చూశారు. ఆపిన వాళ్లలో ఎక్కువమందికి గడ్డలు మళ్లీ లేచాయి. మళ్లీ మొదలుపెడితే చాలామందిలో అదుపులోకి వచ్చాయి కానీ, ఆ పరీక్ష మనింట్లో మనం మళ్లీ చేసుకోవాల్సిన అవసరం లేదు.

ఆపరేషన్‌లో గడ్డ మొత్తం తీసేశారు. మూడేళ్లు గోలీ వేసుకోమంటున్నారు. అదెక్కడి లెక్క?

అదీ ట్రయల్ లెక్కే. తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్న 400 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఏడాది, ఇంకో జట్టుకు మూడేళ్లు ఇమాటినిబ్ ఇచ్చారు. పదేళ్ల తర్వాత లెక్క చూస్తే మూడేళ్ల జట్టులో నూటికి 79 మంది, ఏడాది జట్టులో 65 మంది బతికి ఉన్నారు. అంతకంటే ఎక్కువ కాలం వేసుకుంటే ఇంకా మేలా అన్నది ఇప్పుడు నడుస్తున్న ప్రశ్న.

ట్రయల్ వెతికే ముందు చేతిలో ఏం ఉండాలి?

బ్లాక్. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

బయాప్సీ చేసినప్పుడో, ఆపరేషన్ అప్పుడో తీసిన ముక్కను మైనంలో పోతపోసి చిన్న ప్లాస్టిక్ డబ్బీ మీద అతికిస్తారు. అగ్గిపెట్టె కంటే చిన్నది. పక్కన పెన్సిల్‌తో రాసిన నంబరు ఉంటుంది. దాన్ని పల్చగా కోసి అద్దం మీద పెడితే స్లైడ్. చాలామంది స్లైడ్లు తెచ్చుకుని అంతా తెచ్చుకున్నాం అనుకుంటారు. మ్యుటేషన్ టెస్టుకు, అంటే గడ్డ జన్యువులో తప్పు ఎక్కడుందో చూసే పరీక్షకు, కావాల్సింది బ్లాక్, లేదా దాన్నుంచి కొత్తగా కోసిన రంగు వేయని స్లైడ్లు.

మా బాపుకు ఆపరేషన్ వరంగల్‌లోనే ఒక ప్రైవేటు దవాఖానలో అయింది. తొమ్మిది సెంటీమీటర్ల గడ్డ. రిపోర్టులో సీడీ117 పాజిటివ్, డాగ్1 పాజిటివ్ అని రాశారు, అంటే జిస్టే. బ్లాక్ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. నాలుగేళ్ల తర్వాత కాలేయంలో మచ్చలు కనబడి మ్యుటేషన్ టెస్టు అనేసరికి ఆ బ్లాక్ కోసం పోతే, దవాఖాన ల్యాబ్ వాళ్లు వేరే ల్యాబ్‌కు పంపామన్నారు. ఆ ల్యాబ్ వాళ్లు తిరిగి ఇచ్చేశామన్నారు. నేను సెలవు పెట్టి ఆరుసార్లు తిరిగాను. చివరికి కాలేయంలోంచి సూదితో మళ్లీ ముక్క తీయాల్సి వచ్చింది. బాపు మంచం మీద పడుకుని, "ఒక్క గడ్డకు రెండుసార్లు కోతనా బిడ్డా" అన్నాడు.

కాబట్టి ఆపరేషన్ అయిన నెలలోపే అడగండి. బ్లాక్ ఇప్పించుకుంటే ఎండ తగలని, వేడి లేని చోట పెట్టండి. బీరువా చాలు, ఫ్రిజ్ అక్కర్లేదు. మార్చిలోనే మండిపోయే రేకుల గదిలో మాత్రం వద్దు, మైనం కదా.

మ్యుటేషన్ రిపోర్టులో ఏముంటుంది? దానికీ ట్రయల్‌కూ ఏం సంబంధం?

జిస్ట్ అంటే ఒకే జబ్బు కాదు, ఒకే పేరున్న నాలుగైదు జబ్బులు. జన్యువులో ఏ చోట తప్పు జరిగిందో ఆ చోటును ఎగ్జాన్ నంబరుతో చెప్తారు. ట్రయల్ వాళ్లు మొదట చూసేది ఈ నంబరే.

కిట్ జన్యువులో ఎగ్జాన్ 11 తప్పు అందరికంటే ఎక్కువమందిలో ఉంటుంది. వీళ్లకు ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాములు బాగా పనిచేస్తుంది. ఎగ్జాన్ 9 ఎక్కువగా చిన్నపేగు గడ్డల్లో కనిపిస్తుంది. పాకిన జబ్బులో వీళ్లకు డోసు 800 దాకా పెంచే ఆలోచన చేస్తారు. పీడీజీఎఫ్ఆర్ఏ అనే ఇంకో జన్యువులో డీ842వీ అనే తప్పు ఉంటే ఇమాటినిబ్ పనిచేయదు. ఏళ్ల తరబడి వేసుకున్నా డబ్బు దండగ. వీళ్ల కోసమే అవాప్రిటినిబ్ వచ్చింది. ట్రయల్‌లో ఈ మ్యుటేషన్ ఉన్న పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి గడ్డలు బాగా తగ్గాయి. 2020 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. మతిమరుపు, ఆలోచన మందగించడం దాని చెడ్డ గుణాలు, ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి.

కిట్టూ కాదు, పీడీజీఎఫ్ఆర్ఏ కూడా కాదు అని వస్తే అక్కడితో వదిలేయొద్దు. చిన్న వయసు వాళ్లకు, ముఖ్యంగా అమ్మాయిలకు, జీర్ణాశయంలో వస్తే ఎస్‌డీహెచ్ అనే ఎంజైము లోపం ఉందేమో చూడమనండి. అది కుటుంబంలో నడిచే అవకాశం ఉంది. ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు, గడ్డలు ఉన్నవాళ్లది ఇంకో జాతి. ఈ రెండు రకాలకూ ఇమాటినిబ్ అంతగా పనిచేయదు. ట్రయల్స్ ఎక్కువ అవసరం ఉన్నదీ వీళ్లకే.

ఇక ముందు పనిచేసిన ఇమాటినిబ్ తర్వాత ఎందుకు మొరాయిస్తుంది? ఇది నాకంటే బాపుకు త్వరగా అర్థమైంది. 2021లో మిర్చి తోటల్లో నల్ల తామర పురుగు పడ్డప్పుడు మనవాళ్లు కొట్టని మందు లేదు. మొదటిసారి కొడితే కొంత చస్తుంది. చావకుండా మిగిలినవి పిల్లలు పెడతాయి, వాటికి ఆ మందు పట్టదు. గడ్డ కూడా అంతే. మిగిలిన కణాల్లో రెండో తప్పు పుడుతుంది. ఎగ్జాన్ 13, 14లో పుడితే సునిటినిబ్ అనే రెండో గోలీ బాగా పట్టుకుంటుంది. 17, 18లో పుడితే దానికి లొంగదు, వేరే మందు కావాలి. చిక్కేమిటంటే ఒకే మనిషిలో ఒక గడ్డలో 13, ఇంకో గడ్డలో 17 ఉండొచ్చు. అందుకే ఇప్పుడు కొన్ని ట్రయల్స్‌లో గడ్డకు సూది వేయకుండా రక్తంలోకి రాలిన జన్యువు తునకలను చూస్తున్నారు.

స్కానింగ్‌లో గడ్డ పెరిగిందని గోలీ మార్చమన్నారు. ముందు మార్చాలా, ట్రయల్ గురించి ముందు అడగాలా?

అడగండి. మార్చే ముందే అడగండి. ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

ట్రయల్స్‌లో చేరే షరతులు చాలావరకు మీరు ఇప్పటిదాకా వేసుకున్న గోలీల వరుస మీద ఉంటాయి. ఒకటి "ఇమాటినిబ్ మాత్రమే వేసుకున్నవాళ్లు" అంటుంది. ఇంకొకటి "మూడు మందులూ వాడి అయిపోయినవాళ్లు" అంటుంది. సునిటినిబ్ ఒక్క వారం వేసుకున్నా మొదటి తలుపు మూసుకుపోవచ్చు. బాపుకు గోలీ మార్చిన మూడు వారాలకు నాకు ఒక ట్రయల్ వివరాలు దొరికాయి. షరతుల్లో మొదటి వాక్యమే ఇమాటినిబ్ తప్ప వేరేది వాడి ఉండకూడదని. అది వేరే దేశంలో ఉంది, మేం పోయేవాళ్లమో కాదో తెలియదు. కానీ పోవాలా వద్దా అని కూర్చుని ఆలోచించుకునే వీలే లేకుండా పోయింది. ఇందులో డాక్టరు తప్పు లేదు. ఆయన మామూలు వరుసే పాటించారు. నేనే అడగలేదు.

అలాగని ట్రయల్ దొరుకుతుందని నెలల తరబడి మందు లేకుండా కూర్చోవద్దు. "సార్, రెండు వారాలు ఆగితే ప్రమాదమా? ఈలోపు ఏదైనా ట్రయల్ ఉందేమో కనుక్కుంటాం" అని అడగడంలో తప్పేమీ లేదు. ఇంకో మాట: గడ్డ నిజంగా పెరిగిందా అన్నది కూడా అడగండి. మందు పనిచేసే మొదటి నెలల్లో గడ్డ లోపల నీరు చేరి సైజు పెద్దదిగా కనబడటం జిస్ట్‌లో ఉంది. సెంటీమీటర్లే కాదు, సీటీలో గడ్డ సాంద్రత తగ్గిందా అని కూడా చూస్తారు.

మామూలు వరుస ఇది: ఇమాటినిబ్, ఆ తర్వాత సునిటినిబ్, ఆ తర్వాత రెగోరఫెనిబ్, నాలుగోది రిప్రెటినిబ్. అమెరికాలో ఇవి వరుసగా 2002, 2006, 2013, 2020 సంవత్సరాల్లో వచ్చాయి.

ట్రయల్‌లో మందు లేని ఉత్త గోలీ ఇచ్చి మోసం చేస్తారా?

మోసం కాదు, ముందే కాగితం మీద రాసి చెప్తారు. ఇంకో మంచి మందు చేతిలో ఉంటే కొత్తదాన్ని దానితోనే పోల్చాలి, ఉత్త గోలీతో కాదు. అందుకే రెండో వరుస ట్రయల్స్‌లో మీకు కొత్త మందు రాకపోతే సునిటినిబ్ వస్తుంది. ఉత్త గోలీ వచ్చేది పోల్చడానికి వేరే మందే లేని దశలో. రిప్రెటినిబ్ ట్రయల్‌లో 129 మందిలో 85 మందికి మందు, 44 మందికి ఉత్త గోలీ ఇచ్చారు. మందు తీసుకున్నవాళ్లలో సగం మందికి ఆరు నెలలు దాటేదాకా జబ్బు పెరగలేదు, ఉత్త గోలీ వాళ్లలో అది ఒక్క నెలే. కానీ గడ్డ పెరిగిందని తేలగానే ఉత్త గోలీ వాళ్లకు కూడా అసలు మందు ఇచ్చే ఏర్పాటు ఉంది. అడగాల్సింది ఈ ఏర్పాటు గురించే: "మా పేషంటుకు ఉత్త గోలీ పడితే, పెరిగిన రోజున అసలుది ఇస్తారా?"

ఎవరికి ఏది అన్నది కంప్యూటర్ చీటీ తీసినట్టు తేలుస్తుంది. డాక్టరును బతిమాలినా, ఎమ్మెల్యేతో ఫోన్ చేయించినా మారదు. నవ్వకండి, చేయించినవాళ్లు ఉన్నారు.

కొత్త మందు అంటే పాతదాని కంటే మంచిదే కదా?

అది తేలకపోబట్టే ట్రయల్. నిలోటినిబ్ అనే మందు రక్త క్యాన్సర్‌లో ఇమాటినిబ్‌ను దాటింది. జిస్ట్‌లో మొదటి మందుగా 600 మందికి పైగా పేషంట్లతో పోల్చి చూస్తే ఇమాటినిబ్‌ను దాటలేక ట్రయల్ మధ్యలోనే ఆగింది.

రిప్రెటినిబ్ కథ ఇంకా చెప్పుకోదగ్గది. నాలుగో వరుసలో గెలిచిన ఈ మందును రెండో వరుసలో సునిటినిబ్‌తో 453 మందిలో పోల్చారు. మొత్తం మీద ఆధిక్యం రాలేదు. తర్వాత రక్తం నమూనాలు తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఎగ్జాన్ 11తో పాటు 17 లేదా 18లో రెండో తప్పు ఉన్నవాళ్లలో రిప్రెటినిబ్ జబ్బును 14 నెలలు ఆపింది, సునిటినిబ్ నెలన్నర. 13, 14లో తప్పు ఉన్నవాళ్లకు సునిటినిబ్బే మేలు. ఇప్పుడు ఆ 17, 18 వాళ్లతోనే ఇన్‌సైట్ అనే వేరే ట్రయల్ పెట్టారు. ఓడిపోయిన ట్రయల్ నుంచి ఈ ఒక్క సంగతి తెలిసిందంటే, అందులో చేరినవాళ్లు మనకు చేసిన మేలు చిన్నది కాదు.

ఇప్పుడు ఏ మందుల మీద ఆశ ఉంది?

బెజుక్లాస్టినిబ్. ఇది ఒంటరిగా కాదు, సునిటినిబ్‌తో జంటగా ఇస్తారు. ఒకటి 13, 14ను, ఇంకొకటి 17, 18ను పట్టుకుంటుందని ఆలోచన. రెండు రకాల పురుగులకు రెండు మందులు కలిపి కొట్టినట్టు. పీక్ అనే ట్రయల్ ఫలితాలు 2025 నవంబరులో వచ్చాయి: జంట మందు వాళ్లకు జబ్బు పెరగకుండా 16.5 నెలలు, సునిటినిబ్ ఒక్కటే అయితే 9.2 నెలలు. రెండో వరుస పేషంట్లందరినీ కలిపి చూస్తే సునిటినిబ్‌ను దాటిన మందు ఇంతకుముందు లేదు.

ఐడీఆర్‌ఎక్స్-42 అనే ఇంకో గోలీ ఈ తప్పులన్నిటినీ ఒక్కటే పట్టుకునేలా తయారుచేసింది. దాని ట్రయల్స్ నడుపుతున్న చిన్న కంపెనీని 2025లో జీఎస్‌కే అనే పెద్ద మందుల కంపెనీ కొన్నది. జపాన్‌లో పిమిటెస్పిబ్ అనే వేరే తరహా మందుకు 2022లో అనుమతి ఇచ్చారు. మూడు మందులూ అయిపోయినవాళ్లకు అది ఇచ్చిన అదనపు కాలం కొద్ది వారాలే.

ఈ ట్రయల్స్ వరంగల్‌లో ఉన్నాయా? ఎక్కడ వెతకాలి?

జిస్ట్ కొత్త గోలీల పెద్ద ట్రయల్స్ ఎక్కువగా అమెరికా, యూరప్, కొరియా, జపాన్, చైనాల్లో నడిచాయి. మన దేశంలో తెరిచినా హైదరాబాద్, ముంబయి, ఢిల్లీ లాంటి చోట్ల పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో తెరుస్తారు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో అడిగి నిరాశపడొద్దు.

మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్‌నూ మొదటి పేషంటును చేర్చుకునే ముందే సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఐసీఎంఆర్ నడిపే ఈ వెబ్‌సైట్ 2007 నుంచి ఉంది, ఎవరైనా చూడొచ్చు. నంబరు సీటీఆర్‌ఐ, సంవత్సరం, నెల, వరుస సంఖ్య ఇలా ఉంటుంది. అందులో ఏ ఆస్పత్రి, డాక్టరు ఎవరు, ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందా, ఇంకా చేర్చుకుంటున్నారా అన్నీ ఉంటాయి. విదేశాల్లోవి క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో ఉంటాయి, నంబరు ఎన్‌సీటీతో మొదలవుతుంది. ఇంగ్లిష్ రాదని వెనక్కి తగ్గొద్దు. డిగ్రీ చదివే పిల్లలను కూర్చోబెట్టండి, "జిస్ట్", "ఇమాటినిబ్" అని కొట్టి చూడమనండి.

ఊళ్లో ఉన్న క్యాన్సర్ డాక్టరును అడగడానికి మొహమాటపడకండి. ఒక ఉత్తరం రాసిచ్చి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జేకో, నిమ్స్‌కో, ముంబయి టాటాకో అభిప్రాయానికి పంపడం వాళ్లకు మామూలే.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా?

ట్రయల్ మందు, ట్రయల్ కోసం చేసే స్కాన్లు, రక్త పరీక్షలు కంపెనీ ఖర్చే. దారి ఖర్చు ఇస్తారా లేదా కాగితంలో రాసి ఉంటుంది, చదివి అడగండి. ఆరోగ్యశ్రీ మామూలు వైద్యానికి, 2023 డిసెంబరు నుంచి పరిమితి పది లక్షలు. ఇమాటినిబ్ ఒకప్పుడు నెలకు లక్ష దాటేది. హైదరాబాద్ కంపెనీ నాట్కో 2003లోనే వీనాట్ పేరుతో తెచ్చింది. 2013 ఏప్రిల్ 1న ఇమాటినిబ్ అసలు కంపెనీ నోవార్టిస్ అడిగిన పేటెంటును సుప్రీంకోర్టు తిరస్కరించాక ఆ గోలీకి తిరుగులేకుండా పోయింది.

కాగితంలో రాయని ఖర్చు మనిషిది. మొదటి నెలలో వారం వారం పిలుస్తారు. కొన్ని రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంట గంటకూ రక్తం తీస్తారు. కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కితే రాత్రికి గానీ ఇల్లు చేరరు, తోడు వచ్చినవాళ్ల కూలీ కూడా పోతుంది. మిర్చి ఏరేటప్పుడు ఎవరు పోతారన్నది ఇంట్లో ముందే తేల్చుకోండి.

మా నాయనకు చదువు రాదు. సంతకం బదులు వేలిముద్ర వేయమంటున్నారు. వేయొచ్చా?

వేయొచ్చు, కానీ పద్ధతి ఉంది. ట్రయల్స్ మీద కేంద్రం 2019లో తెచ్చిన నియమాల ప్రకారం పేషంటుకు వచ్చిన భాషలో, అంటే తెలుగులో, కాగితం చదివి వినిపించాలి. చదువు రానివాళ్ల దగ్గర ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు మొదటి నుంచి చివరిదాకా కూర్చుని సంతకం పెట్టాలి. కొత్త రసాయనం ట్రయల్‌లో ఇలాంటి అండ కావాల్సిన పేషంట్లకు ఈ మాటలన్నీ వీడియో తీయాలి. కెమెరా చూసి టెన్షన్ పడొద్దు, అది మీ రక్షణ కోసమే. ఒక కాపీ మీకు ఇవ్వాలి. ఆ రోజే వేయాలని లేదు, ఇంటికి తీసుకెళ్లి చదువుకుని వస్తామని చెప్పొచ్చు.

ఆ కాగితంలో వృత్తి, ఏడాది ఆదాయం, నామినీ పేరు అడుగుతారు. "మా జీతంతో వీళ్లకేం పని" అని ఒకాయన కోపం చేసుకున్నాడు. ఏదైనా అయితే పరిహారం ఎవరికి ఇవ్వాలో తెలియడానికే ఆ వివరాలు.

ఏమైనా అయితే ఎవరిది బాధ్యత?

ట్రయల్ వల్ల దెబ్బ తగిలితే వైద్యం ఉచితంగా చేయించాలి. మందు వల్ల, ట్రయల్ పద్ధతి వల్ల ప్రాణం పోయినా, అవయవం పోయినా పరిహారం ఇవ్వాలి. ఎనిమిది లక్షలు మూలంగా పెట్టుకుని, వయసును, జబ్బు తీవ్రతను బట్టి లెక్క కడతారు. జబ్బు తన దారిన ముదిరితే అది ఇందులోకి రాదు.

గట్టి జబ్బు చేస్తే ట్రయల్ డాక్టరు 24 గంటల్లో పైకి చెప్పాలి. ఆయనకు తెలిస్తేనే కదా. వాంతులై ములుగులోనో, నర్సంపేటలోనో చేర్పించినా ట్రయల్ కోఆర్డినేటర్‌కు ఆ రాత్రే ఫోన్ చేయండి. ఆ నంబరు అమ్మ ఫోన్‌లో కూడా ఉండాలి.

మధ్యలో మానేయొచ్చా?

ఏ రోజైనా, కారణం చెప్పకుండా. మీరు మానేశారని ఆస్పత్రి వాళ్లు మామూలు వైద్యం ఆపకూడదు. చెప్పకుండా గోలీలు మానేసి, వేసుకుంటున్నట్టు చెప్పడం మాత్రం చేయొద్దు. ఖాళీ డబ్బాలు, మిగిలిన గోలీలు లెక్కపెడతారు.

నాటు మందు, పసరు కూడా తీసుకుంటున్నాం. చెప్పాలా?

చెప్పాలి. తిడతారని దాచినవాళ్లను చూశాను. ఈ గోలీలన్నీ కాలేయంలో ఒకే దారిలో అరుగుతాయి. ఆ దారికి అడ్డం పడేది ఏది తిన్నా మందు ఒంట్లో పేరుకుపోతుంది, లేదా ముందే కరిగిపోతుంది. మా పెరట్లో పంపరపనస చెట్టుంది. గ్రేప్‌ఫ్రూట్ వద్దని రాసి ఉంటే అది అమెరికా పండు, మనకెందుకులే అనుకున్నాం. పంపరపనస దానికి అక్కే. చెట్టు కొట్టలేదు గానీ పండ్లు పక్కింటికి పోతున్నాయి. ఇమాటినిబ్ మాత్రం అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, ఖాళీ కడుపున వేస్తే వాంతి వచ్చే అవకాశం ఎక్కువ.

"మిమ్మల్ని తీసుకోలేం" అన్నారు. ఎందుకు?

రక్తం తక్కువ, క్రియాటినిన్ ఎక్కువ, బీపీ అదుపులో లేదు, పాత గోలీ ఆపి ఇన్ని రోజులు కాలేదు, ఇలాంటివి ఏవైనా కావచ్చు. కారణం అడిగి రాయించుకోండి. రక్తం తక్కువైతే ఎక్కించుకుని, లేదా ఐరన్ వాడి మళ్లీ రావొచ్చేమో కూడా అడగండి. మ్యుటేషన్ కుదరలేదంటే మాత్రం మీరు చేయగలిగింది లేదు.

ట్రయల్‌లో చేర్పిస్తామని డబ్బు అడుగుతున్నారు.

ఫోన్ పెట్టేయండి.

ట్రయల్ దొరకలేదు, మన దగ్గర అమ్మని మందు కావాలి. దారి లేదా?

ఒకటుంది. డాక్టరు చీటీ మీద, ఒక్క పేషంటు సొంత వాడకానికి, విదేశీ మందు తెప్పించుకునే అనుమతి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఇస్తుంది. 12ఏ ఫారం పెట్టుకుంటే 12బీ అనుమతి వస్తుంది. ధర మాత్రం మనదే. కొన్ని కంపెనీలు సాయంగా ఉచితంగా ఇస్తాయి, అందుకు మీ డాక్టరే కంపెనీకి రాయాలి.

మొదటిసారి ట్రయల్ ఆస్పత్రికి పోతున్నాం. ఏం పట్టుకుపోవాలి?

బ్లాక్, దాని రిపోర్టు, ఆపరేషన్ నోట్సు, మ్యుటేషన్ రిపోర్టు. స్కాన్ల ఫిల్ములతో పాటు సీడీలు కూడా, ఎందుకంటే గడ్డను వాళ్లు తమ కంప్యూటర్ మీద కొలుచుకోవాలి. వేసుకుంటున్న ప్రతి గోలీ రేకు, బీపీది, షుగర్‌ది కూడా. ఇవన్నీ లేకపోయినా ఒక్క కాగితం ఉంటే డాక్టరు ముఖం విప్పారుతుంది: ఏ గోలీ, ఎంత డోసు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎందుకు ఆపారు. మా బాపు దాన్ని మిర్చి లెక్కలు రాసే ఎర్ర పుస్తకంలో చివరి పేజీలో రాస్తాడు. ముందు పేజీల్లో ఎనుమాముల మార్కెట్లో ఏ రోజు ఎన్ని బస్తాలు, ఎంత ధర. వెనక పేజీలో ఏ రోజు ఏ గోలీ.